రీబిల్డ్ చేసిన ఇంజిన్‌ను ఆయిల్ ప్రెషర్ చూడకుండా స్టార్ట్ చేయనివ్వకండి

పాత మారుతి 800కు ఇంజిన్ పని చేయించబోతున్నవారూ, షెడ్డులో సిద్ధంగా పెట్టి అమ్మే రీకండిషన్ ఇంజిన్ కొనబోతున్నవారూ డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నా మారుతి 800కు ఇంజిన్ పని చేసిన షెడ్డు పేరు రాయడం లేదు. వివాదం ఇంకా తేలలేదు, పైగా ప్రెషర్ చూడకుండా స్టార్ట్ చేసే ఈ అలవాటు ఆ ఒక్క షెడ్డుదే కాదు.

బోరింగ్, కొత్త పిస్టన్లు, రింగులు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్, దాని చుట్టూ ఉండే కొత్త షెల్ బేరింగులు (రెండు సగాల పల్చటి రేకులు), హెడ్ (ఇంజిన్ పైభాగం) పని... నా బిల్లులో అన్నీ ఉన్నాయి. లేత్ పనిలో లోపం లేదు, ఆ మాట తర్వాత మైక్రోమీటరే చెప్పింది. చెడిందంతా చివర్లోనే. ఇంజిన్ ఎక్కించారు, ఆయిల్ పోశారు, వెంటనే సెల్ఫ్ కొట్టారు. ఇంజిన్ అందుకుంది కానీ డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ దీపం ఆరలేదు. ఇదేమిటని అడిగితే, "కొత్త ఇంజిన్ కదా సార్, కాస్త రేస్ ఇస్తే పోతుంది" అంటూ మెకానిక్ యాక్సిలరేటర్ తొక్కాడు. కాసేపటికి దీపం ఆరింది. షెడ్డులో అందరి ముఖాలూ వెలిగాయి.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగేసరికి కింది నుంచి కొట్టుడు శబ్దం వచ్చింది. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు దీపం మిణుకుమనసాగింది. బండి తిరిగి తీసుకెళితే మొదటి ప్రశ్న: "మీరు ఏ ఆయిల్ వాడారు?" వాళ్లు పోసిన ఆయిలే అందులో ఉంది మరి!

వేరేచోట చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించాను. షెల్స్ మీద ఉండాల్సిన బూడిదరంగు మెత్తటి పొర తుడిచిపెట్టుకుపోయి కింద రాగి రంగు కనబడుతోంది. పిస్టన్లను క్రాంక్‌కు కలిపే రాడ్ల షెల్స్‌లో పైసగం, క్రాంక్‌ను మోసే మెయిన్ షెల్స్‌లో కిందిసగం, అంటే బరువు పడే వైపు, ఎక్కువ అరిగాయి. ఇసుకో ఇనుప రజనో చేరితే పడే గీతలు లేవు. క్రాంక్ కొలతలు సరిగ్గా ఉన్నాయి. విప్పిన మేస్త్రీ చాలాసేపు చూసి ఒక్కటే అన్నాడు: "పొడిగా తిప్పారు." అంటే బేరింగులకు ఆయిల్ అందకముందే ఇంజిన్ నడిపారని.

అది ఎందుకంత ప్రమాదమో చెబుతాను. క్రాంక్‌కూ షెల్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. తిరిగే ఇంజిన్‌లో ఆ సందులో ఆయిల్ పొర ఉంటుంది, క్రాంక్ దానిమీద తేలుతుంది, లోహం లోహాన్ని తాకదు. ఆ ఆయిల్‌ను అక్కడికి తోసేది పంపు. ఈ ఇంజిన్‌లో పంపు క్రాంక్ ముందు కొన మీదే ఉంటుంది. విప్పి కడిగి బిగించిన పంపు లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. పంపు పళ్ల మధ్య తడి లేకపోతే అది చాంబర్ అడుగు నుంచి ఆయిల్‌ను పైకి లాగలేదు, గాలినే నమిలి వదులుతుంది. అంతవరకూ బేరింగులకు దిక్కు బిగించేటప్పుడు పూసిన కాస్త ఆయిలే. హెడ్ ఇంకా దూరం, అక్కడికి ఆయిల్ చివర్న చేరుతుంది. అలాంటి సమయంలో రేస్ ఇవ్వడమంటే ఏమనాలి?

దీనికి మందు ప్రైమింగ్, అంటే ఇంజిన్ స్టార్ట్ చేయకముందే బేరింగుల దాకా ఆయిల్ ఎక్కించడం. పంపు బిగించేటప్పుడే లోపల పెట్రోలియం జెల్లీ నింపాలి. అది ఆయిల్‌లో కరిగిపోతుంది. చాసిస్ గ్రీజు మాత్రం పెట్టనివ్వకండి, అది కరగక దారుల్లో అడ్డుపడుతుంది. ఆయిల్ పోశాక ప్లగ్గులన్నీ విప్పాలి. కాయిల్ కనెక్షన్ తీసేయాలి. ఇంజెక్షన్ మోడల్ అయితే ఇంజెక్టర్లు కూడా ఆపాలి, లేకపోతే పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి ఆ రంధ్రానికి ముల్లు గేజ్ బిగించి, సెల్ఫ్‌ను పది పదిహేను సెకన్ల చొప్పున కొడుతూ, మధ్యమధ్య చల్లారనిస్తూ, ముల్లు లేచేదాకా తిప్పాలి. ప్లగ్గులు లేవు కాబట్టి బేరింగుల మీద బరువు దాదాపు పడదు. హెడ్ పైనుండే ట్యాపెట్ కవర్ తీసి, వాల్వులను నొక్కే రాకర్ల దగ్గర ఆయిల్ ఊరుతోందో లేదో కూడా చూడాలి. సరంజామా ఉన్న షెడ్లు ఇదే రంధ్రం గుండా ప్రెషర్ డబ్బాతో ఆయిల్ ఎక్కిస్తాయి, అది ఇంకా మేలు.

దీపం ఆరడాన్ని మాత్రమే నమ్మకండి. ఆ స్విచ్ సాధారణంగా అర బార్ (బార్ అంటే ప్రెషర్ కొలమానం) లోపు, అంటే చాలా తక్కువ ప్రెషర్‌కే దీపాన్ని ఆర్పేస్తుంది. గేజ్ అడిగేది అందుకే.

"పై నుంచి ఆయిల్ పోశాంగా, అంతా తడిసిపోతుంది" అంటారు. పై నుంచి పోసింది నేరుగా చాంబర్‌లోకి జారుతుంది. బేరింగుల్లోకి దారి పంపు గుండానే. "ఫిల్టర్ నింపి బిగించాం" అంటారు. మంచిదే, కానీ ఫిల్టర్ అడ్డంగా ఉండే ఇంజిన్లలో బిగించేలోపే సగం కారిపోతుంది, పైగా అది పంపులోని గాలిని తీయదు. "ఇన్నేళ్లుగా ఇలాగే చేస్తున్నాం" అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, కొట్టుడు శబ్దం ఉంది.

రీకండిషన్ ఇంజిన్ కొనేవారికి ముప్పు ఇంకొంచెం ఎక్కువ. అది స్టాండు మీద నెలల తరబడి ఉంటుంది, పూసిన ఆయిల్ ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది. అమ్మినవాడు ఒకసారి ప్రైమింగ్ చేశానన్నా బండికి ఎక్కించాక మళ్లీ చేయాల్సిందే. టర్బో డీజిల్ అయితే టర్బోకు వెళ్లే ఆయిల్ పైపులోనూ ముందే ఆయిల్ నింపారా అని కూడా అడగండి.

కొటేషన్‌లోనే "ప్రైమింగ్ చేసి, గేజ్‌లో ప్రెషర్ చూపించాకే స్టార్ట్ చేస్తాం" అని రాయించుకోండి. రాయనంటే షెడ్డు మార్చండి. వారంటీ అని నోటితో చెప్పేది ఇలాంటి రోజున గాలికి పోతుంది. నా బిల్లు మీద ఆ పదమే లేదు.

ఇప్పటికే దెబ్బతిన్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు, మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అయితే ఇంజిన్ విప్పే ముందే ఫొటోలు తీయించండి, విప్పిన మెకానిక్‌తో కారణం రాయించి సంతకం తీసుకోండి, పాత షెల్స్ ఒక్కొక్కటీ ఏ సిలిండర్‌దో రాసి కవర్లో పెట్టి ఇంటికి తెచ్చుకోండి. అవి తుక్కు డబ్బాలో పడితే మీ దగ్గర మిగిలేది బిల్లు ఒక్కటే.