బయోడీజిల్‌కి కానుగా, అడవి ఆముదమా? గోదావరి డెల్టాలో నా ఓటు దేనికంటే

బయోడీజిల్ (గింజల నూనెతో చేసే డీజిల్) కోసం వరి చేను తీసేయమని ఎవరైనా అంటే అస్సలు వినకండి. నేను మాట్లాడేది కాలువ పక్క ఖాళీ జాగా, రోడ్డు వార, అంతర్వేది వైపు ఉప్పు పట్టిన నేలల గురించి మాత్రమే.

అడవి ఆముదం, అదే జట్రోఫా, రెండు మూడేళ్లకే కాపుకొస్తుంది, అందుకే ఒకప్పుడు దేశమంతా దాని వెంట పడింది. 2009 జాతీయ జీవ ఇంధన విధానంలో 2017కి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలన్నారు, అది జరగలేదు. 2018 విధానంలో బయోడీజిల్‌కి 2030 లక్ష్యం 5 శాతమే. పైగా జట్రోఫాకి నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది, మన దగ్గర వానాకాలంలో నీళ్లు నిలవని చోటెక్కడుందండీ? కాయలు కూడా ఒకేసారి పండవు, కూలి ఖర్చు తడిసి మోపెడవుతుంది. గింజ విషం, పిల్లలున్న చోట ఇంకా టెన్షన్.

కానుగ కాపుకి నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆగాలి, నిజమే. కానీ ఉప్పునీ నీటి ముంపునీ తట్టుకుంటుంది, వేళ్లలో నత్రజనిని నిలుపుతుంది, ఆకు వరి చేలకి పచ్చిరొట్ట, నూనె తీశాక మిగిలిన పిండి ఎరువు. నూనెలో ఆమ్లం ఎక్కువుంటే బయోడీజిల్‌ చేసే ముందు ఒక దశ శుద్ధి అదనంగా చేయాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. నేనైతే కానుగే నాటమంటాను.