సెబీలో ఉద్యోగమా, డిఫెన్స్ ప్రాక్టీసా: ఏది మేలు?

లా పూర్తిచేసి, కంపెనీ మోసాల కేసుల్లో పనిచేయాలనుకునే పిల్లలు నన్ను తరచూ ఇదే అడుగుతారు: పరీక్ష రాసి, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీలో లీగల్ ఆఫీసరుగా చేరాలా, నిందితుల తరఫున వాదించే డిఫెన్స్ వకీలు దగ్గర జూనియరుగా చేరాలా?

సత్యం కంప్యూటర్స్ కేసు చూస్తే ఈ రెండు పనులూ పక్కపక్కనే కనిపిస్తాయి. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం తర్వాత వ్యవహారం రెండు చోట్ల నడిచింది. హైదరాబాదులో సీబీఐ ప్రత్యేక కోర్టు రెండు వందలకు పైగా సాక్షులను విని, 2015 ఏప్రిల్ 9న పదిమందిని దోషులుగా తేల్చింది. అంతకుముందే, 2014 జూలైలో, ముంబైలో సెబీ ఐదుగురిని 14 ఏళ్లు మార్కెట్‌కు దూరంగా ఉంచి, 1,849 కోట్లు వడ్డీతో కట్టమంది. అప్పీళ్ల తర్వాత ఆ మొత్తాన్ని మళ్ళీ లెక్కించాల్సి వచ్చింది. ఒకచోట బోనులో ఉన్న సాక్షిని నిలదీసే పని, మరోచోట కాగితాల మీద కేసు కట్టే పని.

కేసు ఎలా కడతారో నేర్చుకోవాలంటే సెబీని మించిన చోటు లేదు. మీ ముందు ట్రేడింగ్ షీటు పెడతారు. ఒక ఖాతాలోంచి అమ్మకం ఆర్డరు పడుతుంది. కొన్ని సెకన్లకే అదే ధరకు, అన్నే షేర్లకు ఇంకో ఖాతాలోంచి కొనుగోలు ఆర్డరు. ఒక్కసారైతే కాకతాళీయం అనుకోవచ్చు. నెలంతా అలాగే ఉంటే? కిశోర్ అజ్మీరా కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: నేరుగా సాక్ష్యం లేకపోయినా, పరిస్థితులన్నీ కలిపి చూసి నిర్ణయానికి రావచ్చు. అదే సుప్రీంకోర్టు 2022లో బల్‌రామ్ గర్గ్ కేసులో, చుట్టరికం ఉన్నంత మాత్రాన కంపెనీ లోపలి రహస్య సమాచారం అందిందని అనుకోకూడదంది. ఈ రెండు తీర్పుల మధ్యనున్న జాగాలోనే మన వృత్తి అంతా నడుస్తుంది. సంజాయిషీ అడిగే షోకాజ్ నోటీసు రాసిన చేతికి దానిలో అతుకు ఎక్కడ పడిందో తెలుస్తుంది. నెల తిరిగేసరికి జీతం వస్తుంది కూడా. ఇంట్లో ముందుతరం వకీళ్లు లేని పిల్లలకు అది చిన్న విషయం కాదు.

కానీ అక్కడ సాక్షిని ఎదురు ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో చేయి తిరగదు, బెయిలు వాదన అంటదు. అక్రమ సొమ్ము కేసులు చూసే ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) పెట్టిన కేసులో మనీలాండరింగ్ చట్టం 45వ సెక్షన్ కింద, ముద్దాయి నిర్దోషి అనుకోవడానికి కారణాలున్నాయని బెయిలు దశలోనే జడ్జిని ఒప్పించాలి. అది సీనియర్ వెనక నిలబడి, వాయిదా తర్వాత వాయిదా చూస్తేనే వస్తుంది. మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది చాలా తక్కువ. ఇంట్లో అడిగేవాళ్లకు జవాబు చెప్పుకోవడం ఇంకా కష్టం.

"మోసగాళ్లను కాపాడతావా?" అనీ అడుగుతారు. నా దగ్గరకు వచ్చినవాళ్లలో పైవాళ్లు చెప్పినచోట సంతకం పెట్టిన అకౌంట్స్ గుమస్తాలు ఉన్నారు. ఒకాయన నోటీసును ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చి, కూతురు పెళ్లి ఆగిపోతుందా అని మొదట అడిగారు. ఆయన తరఫున నిలబడినందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

నా ఓటు మాత్రం రెండింటికీ, వరస తప్పకుండా. లా అవగానే రెండేళ్లు నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో తిరగండి. ఆ తర్వాత సెబీలో ఆఫీసరుగా చేరడానికి గ్రేడ్ ఏ పరీక్ష రాయండి. మామూలుగా దానికి వయోపరిమితి 30 ఏళ్లు, ఆ తలుపు మూసుకుంటుంది, కోర్టు తలుపు మూసుకోదు. నాలుగైదేళ్లు నోటీసులు, ఆర్డర్లు రాసి, మళ్ళీ నల్లకోటు తొడుక్కోండి. నోటీసుకు ఏం జవాబివ్వాలో, సెబీ ఆర్డరు మీద 45 రోజుల్లో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో అప్పీలు ఎలా వేయాలో అప్పటికి మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. జీతానికి అలవాటుపడి బయటికి రాలేకపోవడమే ఇందులో అసలు ప్రమాదం. అందుకే ఏ ఏడాది బయటికి రావాలో చేరే రోజే డైరీలో రాసుకోండి.

ఇంకా తేలకపోతే, ఒక పూట కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని, ఆడిటర్‌ను క్రాస్ చేయడం చూడండి. మధ్యాహ్నం భోజనానికి లేవబుద్ధి కాకపోతే ముందు కోర్టుకే రండి.