ఆర్డరిచ్చి చేయించుకున్న నీలం ఉంగరం: కొలత తప్పిన పట్టీ, ఆ తరువాతి వాడకం

ఆర్డరిచ్చి చేయించుకున్న ఈ నీలం ఉంగరాన్ని కొన్నేళ్లుగా రోజూ ధరిస్తున్నాను. ఇప్పుడు దీనితో నాకు పేచీ లేదు. అయితే మొదట చేతికి వచ్చినది నేను అడిగిన ఉంగరం కాదు కనుక, నగ అందం కంటే, లోపం చెప్పినప్పుడు దుకాణంవారు ఏం చేశారన్న దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఆర్డరు చీటీలో 18 క్యారెట్ల బంగారం, కోలగా ఉండే నీలం, వేలి చుట్టూ తిరిగే పట్టీ 1.8 మిల్లీమీటర్ల మందం అని స్పష్టంగా రాయించాను. 18 క్యారెట్ల స్వచ్ఛతను తెలిపే 750 ముద్ర, వేలి కొలత సరిగ్గానే ఉన్నాయి. పట్టీ అరచేతి వైపు 1.3 మిల్లీమీటర్లే ఉంది. రాయి ఒక పక్కకు ఒరిగింది. దాన్ని పట్టుకోవలసిన నాలుగు గోళ్లలో ఒకటి రాయికి ఆనకుండా తేలి ఉంది. ఒరగడం కంటికి కనిపించేదే కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు గానీ, మందం మాట ఎత్తితే "మెరుగు పెట్టేటప్పుడు కొంత అరుగుతుందండీ" అన్నారు. అరిగే మాట నిజమే. పోత పోసిన లోహం చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది, ఆకురాయి, మెరుగు కలిసి మరికొంత తీసేస్తాయి. అందుకే పోతకు ముందు చేసే మైనపు నమూనాను ఆ మేరకు మందంగా చేసుకోవాలి. చీటీలో రాసిన కొలత పూర్తయిన ఉంగరానిదా, నమూనాదా అని అడిగాక ఆ వాదన సాగలేదు.

లోపలి వైపు బంగారం అతికించి మందం పెంచుతామన్నారు. నేను ఒప్పుకోలేదు. రోజూ వేసుకునే ఉంగరంలో ఎక్కువ ఒరిపిడి పడేది అరచేతి వైపే; అక్కడ అతుకు ఉండటం నాకు సమ్మతం కాదు, పైగా లోపల లోహం చేరితే ఉంగరం బిగుతవుతుంది. పట్టీని కొత్తగా పోత పోయాలని కోరి, అది తేలేదాకా ఉంగరం వేసుకోలేదు. వాడకపు గీతలు పడ్డాక లోపం ఎవరిదన్న ప్రశ్న మొదలవుతుంది.

ఉంగరాన్ని దుకాణానికి తిరిగి ఇచ్చేటప్పుడు నా ఎదుటే తూయించి, బరువుతో పాటు రాయి కొలతలను, భూతద్దంలో కనిపించే లోపలి మచ్చల స్థానాన్ని రసీదులో రాయించుకున్నాను. రాయి మారిందన్న అనుమానం ఎన్నడూ రాకుండా అది ఇరుపక్షాలకూ రక్ష. కౌంటరులోని వ్యక్తి ముఖం కాస్త చిన్నబోయింది, అయినా రాసి ఇచ్చారు.

కొత్త పట్టీకి మజూరీ అడగలేదు. చెప్పిన గడువు దాటి చాలా ఆలస్యమైంది, అడిగితే తప్ప సమాచారమూ ఇవ్వలేదు. ఆ పట్టీ ఇంతవరకు వంగలేదు, గుండ్రం తప్పలేదు. గోళ్ల పనే నమ్మకంగా లేదు: రాయి కూర్చునే పై భాగం బాగానే ఉందంటూ పాతదానినే కొత్త పట్టీకి టంకం పెట్టారు, అప్పట్లో వంచి సరిచేసిన గోరే తరువాత మళ్లీ లేచి బట్టల దారాలకు తగులుకోసాగింది. దాని కొనను లేజర్ వెల్డింగుతో ఉచితంగానే నింపి ఇచ్చారు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో 9 కాఠిన్యం గల నీలం మీద ఒక్క గీతా పడలేదు, కానీ దాన్ని పట్టి ఉంచే బంగారం మెత్తనిది కావడంతో ఏటా గోళ్లను తనిఖీ చేయించుకుంటున్నాను. తొలి పనితనానికి రెండు నక్షత్రాలు, సరిదిద్దిన తీరుకు నాలుగు.