‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చాక: 18 నెలల కౌన్సెలింగ్ అనుభవం

మొదటి ఆరు నెలలకైతే పదికి ఎనిమిది మార్కులు వేస్తాను. మొత్తం 18 నెలలకు కలిపి రెండు. ఆ రెండూ నిద్ర గురించి మా కౌన్సెలర్ నేర్పిన పద్ధతికే: నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లుతూ ఉండకుండా లేచి వేరే గదిలో కూర్చోవాలి, కునుకు వస్తున్నప్పుడే తిరిగి వెళ్లాలి. అది నాకు ఇప్పటికీ పనిచేస్తోంది.

ఒకరోజు ఉన్నట్టుండి ఏకవచనంలోకి దిగారు. చనువే కదా అని సంతోషించాను కూడా. తర్వాత 50 నిమిషాల సమయం గంటన్నర అయింది. అందులో సగం ఆమె విడాకుల గొడవే. ఆమెను ఓదార్చి, ఫీజు కూడా కట్టి వచ్చేదాన్ని. రాత్రి పదకొండింటికి ఫోనులో సందేశం: “పడుకున్నావా?” నిద్ర పట్టడం లేదని వెళ్లిన మనిషికి! చివరికి తన తమ్ముడికి మా ఆఫీసులో ఉద్యోగం చూడమన్నారు.

అన్నీ ఒకే గాటన కట్టను. గుథైల్, గబార్డ్ అనే మనోవైద్యులు 1993లోనే ఈ తేడా వివరించారు. కౌన్సెలర్‌కూ వచ్చే మనిషికీ మధ్య ఉండాల్సిన గీతను కాస్త దాటడం వేరు, దాన్ని ఉల్లంఘించి మనిషికి హాని చేయడం వేరు. ఏడుస్తున్న మనిషి కోసం మరో పది నిమిషాలు కూర్చుంటే ఎవరు తప్పుపడతారు? తమ్ముడి ఉద్యోగం అలాంటిది కాదు. కాదనడానికి నాకు నోరు రాదని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఆమెకు చెప్పుకున్నది నేనే.

ఒకసారి ధైర్యం చేసి, “రాత్రిపూట సందేశాలు వద్దండి” అన్నాను. ఆమె పుస్తకం మూసి, “చూశావా, దగ్గరైనవాళ్లను దూరం పెట్టడమే నీ జబ్బు. మీ అమ్మ విషయంలోనూ ఇంతేగా” అన్నారు. మూడో వారంలో ఏడుస్తూ చెప్పుకున్న మాట అది. నా అభ్యంతరాన్నే రోగలక్షణం చేసేశారు. నేనేం చేశాను? క్షమాపణ చెప్పి, ఇంకో నాలుగు నెలలు వెళ్లాను. ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

మానేస్తున్నానని నాలుగు వాక్యాల మెయిలు పంపాను. కారణాలు రాయలేదు, ఆమె ఒప్పుకోవాలని ఎదురుచూడలేదు. ఒక్క తెలివితక్కువ పని చేశాను: కోపంలో పాత సందేశాలు చాలావరకు చెరిపేశాను. వృత్తి సంఘానికి ఫిర్యాదు చేద్దామనుకునేసరికి చేతిలో ఆధారం మిగల్లేదు. మీరు మాత్రం తేదీలతో సహా దాచుకోండి.

కొత్త కౌన్సెలర్ మొదటిరోజే చెప్పేశారు, సమయం మార్చుకోవడానికి తప్ప సందేశాలు పెట్టుకోవద్దని. 50వ నిమిషానికి గడియారం వైపు చూసి, “ఇవాళ్టికి ఆపుదామండీ” అంటారు. మొదట్లో ఒళ్లు మండేది.