పెద్దవాళ్ల మీద గురిపెట్టిన ఎన్నికల ప్రకటన ఎవరిదో వెతికిపెట్టే ఉచిత సైట్లు: ఏది నమ్మొచ్చు, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుంది

అమెరికాలో కాంగ్రెస్ ఎన్నికల ఏడాది వేసవి దాటిందంటే పొద్దున లోకల్ న్యూస్ నుంచి సాయంత్రం ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ దాకా టీవీలో ఒకటే పాట. ‘మీ మెడికేర్‌కు కోత పెట్టారు, ఫలానా కాంగ్రెస్‌మన్‌కు ఫోన్ చేసి నిలదీయండి’ అని. మెడికేర్ అంటే 65 దాటినవాళ్లకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా. చివర్లో సన్నటి అక్షరాల్లో ఒక సంఘం పేరు కనిపించి మాయమవుతుంది. ఆ పేరులో ‘సీనియర్స్’ అనో ‘రిటైర్డ్’ అనో ఒక మాట ఉంటుంది. డబ్బు పెట్టింది సీనియర్లేనా అన్నది మాత్రం అందులో ఉండదు. అది తెలుసుకోవడానికి ఉన్న ఉచిత సైట్ల మీద ఈ రివ్యూ.

గురి పెద్దవాళ్ల మీదే ఎందుకంటే ఓటు వేసేది వాళ్లు కాబట్టి. సెన్సస్ బ్యూరో లెక్క ప్రకారం 2020లో 65–74 ఏళ్లవాళ్లలో 76 శాతం మంది ఓటేశారు, 18–24 ఏళ్లవాళ్లలో 51 శాతం. అధ్యక్ష ఎన్నిక లేని ఏడాదిలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఈ ఎత్తు పాతదే. 2002లో యునైటెడ్ సీనియర్స్ అసోసియేషన్ పేరుతో మందుల ఖర్చు మీద ప్రకటనలు వచ్చాయి. తెర మీద కనిపించింది పెద్దాయన ఆర్ట్ లింక్‌లెటర్, డబ్బు మందుల కంపెనీల సంఘం ఫార్మాది. 2010లో 60 ప్లస్ అసోసియేషన్ తరఫున గాయకుడు ప్యాట్ బూన్ వచ్చి ఒబామా ఆరోగ్య చట్టం మీద భయపెట్టాడు. రెండో వైపూ, అంటే డెమొక్రాట్ల వైపూ, తక్కువ తినలేదు. 2011లో అజెండా ప్రాజెక్ట్ అనే సంఘం, మెడికేర్‌ను మార్చాలన్న రిపబ్లికన్ నేత పాల్ రయాన్ పోలికలున్న మనిషి చక్రాల కుర్చీలోని ముసలావిడను కొండ మీంచి తోసేస్తున్నట్టు చూపించింది. అలయన్స్ ఫర్ రిటైర్డ్ అమెరికన్స్ వెనక ఉన్నది కార్మిక సంఘాలు. కాబట్టి ఏ పార్టీకి మొగ్గేవాళ్లకైనా ఈ సైట్లు అవసరమే.

ఇండియా నుంచి వెళ్లి అక్కడ సిటిజన్లయిన మన పెద్దవాళ్లకు ఇంకో చిక్కుంది. ఇక్కడ టీవీలో రాజకీయ ప్రకటన వేయాలంటే ఎన్నికల సంఘం కమిటీ నుంచి ముందే సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ పద్ధతి వచ్చిందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మొదలై సుప్రీంకోర్టుకెక్కిన జెమినీ టీవీ కేసుతో, 2004 ఏప్రిల్‌లో. ‘టీవీలో వేశారంటే ఎవరో ఒకరు చూసి ఒప్పుకునే ఉంటారు’ అన్న నమ్మకం వాళ్లతోపాటే విమానం ఎక్కుతుంది. అమెరికాలో అలాంటి ముందస్తు తనిఖీ ఏదీ లేదు.

వెతకడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది: టీవీని పాజ్ చేసి ఆఖరి ఫ్రేమ్‌ను ఫోన్‌తో ఫోటో తీయడం. ఓటేయమనో ఓడించమనో చెప్పే బయటి సంఘాల టీవీ ప్రకటనలో ‘పెయిడ్ ఫర్ బై’ లైను కనీసం 4 సెకన్లు, తెర ఎత్తులో 4 శాతానికి తగ్గకుండా కనిపించాలని నిబంధన. 4 సెకన్లంటే కళ్లద్దాలు వెతుక్కునేలోపు అయిపోతుంది. పేరును అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. చివర ‘యాక్షన్’, ‘ఫండ్’, ‘ఇంక్’ లాంటి తోక ఉందేమో ముఖ్యంగా చూడండి. ఒకే గొడుగు కింద విరాళాల ట్రస్టు ఒకటి, 501(సి)(4) సంఘం (దాతల పేర్లు మామూలుగా చెప్పక్కర్లేని లాభాపేక్ష లేని సంస్థ) ఒకటి, సూపర్ ప్యాక్ (ఎంతైనా విరాళం తీసుకోవచ్చు గానీ దాతల పేర్లు చెప్పాల్సిన ఎన్నికల ఖర్చు సంఘం) ఒకటి ఉండటం మామూలే. తోక మారితే సైటూ మారుతుంది, దొరికే సమాచారమూ మారుతుంది.

మొదటి మార్కు ఎఫ్‌సీసీ (టీవీ, రేడియో ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ సంస్థ) పబ్లిక్ ఫైల్‌కే. 5కి నాలుగున్నర. చూడటానికి అధ్వానంగా ఉంటుంది, ఫైళ్లు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, వాటిలోపలి మాటను వెతకడం చాలాసార్లు కుదరదు. అయినా లోపలున్న సరుకు ఇంకెక్కడా లేదు. టీవీ స్టేషన్లన్నీ రాజకీయ ప్రకటనల కాగితాలను 2014 జూలై నుంచి ఇక్కడే పెడుతున్నాయి. స్టేషన్ నాలుగక్షరాల కాల్ సైన్‌తో వెతికి, పొలిటికల్ ఫైల్స్‌లోకి వెళ్లి, సంవత్సరం ఎంచుకోండి. అభ్యర్థుల ప్రకటనలు ‘ఫెడరల్’ కింద ఉంటాయి, మనకు కావలసినవి ‘నాన్ క్యాండిడేట్ ఇష్యూ యాడ్స్’ కింద. ఒక్కో సంఘం ఫోల్డర్‌లో ఆర్డరు, ఇన్‌వాయిస్, ఎన్‌ఏబీ ఫారం (ప్రకటన కొన్నవాళ్ల వివరాలతో ప్రసార సంస్థల సంఘం తయారు చేసిన ఫారం) కనిపిస్తాయి.

ఆర్డరును చూసి లెక్కలు వేయకండి. ఆర్డరు బుకింగ్ మాత్రమే, మధ్యలో రద్దవుతుంది, మారుతుంది. నిజంగా ప్రసారమైంది ఇన్‌వాయిస్‌లోనే ఉంటుంది. అందులో ప్రోగ్రాం పేరు, టైము, ఒక్కో స్పాట్ రేటు వరసగా ఉంటాయి. పొద్దుటి న్యూస్, మధ్యాహ్నం న్యూస్, ‘జెపర్డీ’ లాంటి గేమ్ షోలు, ఆదివారం ‘60 మినిట్స్’ మీదే స్పాట్లు పడి, రాత్రి ఫుట్‌బాల్‌కు ఒక్కటీ లేకపోతే గురి ఎవరి మీదో వేరే చెప్పక్కర్లేదు. మొత్తం చూసేటప్పుడు గ్రాస్, నెట్ తేడా గుర్తుంచుకోండి. మధ్యలో ఏజెన్సీ కమిషన్ సాధారణంగా 15 శాతం ఉంటుంది. దాన్ని మరిచిపోయి రెండు స్టేషన్ల లెక్కలు కలిపితే తప్పు వస్తుంది.

ఇంకో సరదా లెక్క. ఎన్నికకు 60 రోజుల ముందు నుంచి స్టేషన్లు అభ్యర్థికి తమ అతి తక్కువ రేటే ఇవ్వాలి. బయటి సంఘాలకు ఆ రాయితీ లేదు. ఒకే ప్రోగ్రాంకు ఇద్దరి ఇన్‌వాయిస్‌లూ పక్కపక్కన పెట్టండి. సంఘం ఎంత ఎక్కువ పోస్తోందో చూస్తే దాని వెనక జేబు లోతు అర్థమవుతుంది.

అసలు బంగారం ఎన్‌ఏబీ ఫారంలో ఉంది. జాతీయ ప్రాధాన్యం ఉన్న రాజకీయ విషయం మీద ప్రకటన కొన్నవాళ్లు తమ ముఖ్య అధికారుల పేర్లో, బోర్డు సభ్యుల పేర్లో ఇవ్వాలి. విరాళమిచ్చినవాళ్ల పేర్లు దాచుకునే సంఘం కూడా ఇక్కడ మనుషుల పేర్లు రాయక తప్పదు. ఆ పేర్లను గూగుల్‌లో వేస్తే గతంలో ఏ కంపెనీలో, ఏ లాబీ సంస్థలో పనిచేశారో తేలుతుంది. ఒక్క కోశాధికారి పేరు రాసి సరిపెట్టే ఫారాలూ ఉంటాయి, అదే పేరు పది సంఘాల ఫారాల్లో కనిపిస్తుంది. అదీ ఒక ఆనవాలే. అర మార్కు కోసింది ఎందుకంటే ఒకే సంఘానికి ఒక స్టేషన్‌లో ఒక స్పెల్లింగు, ఇంకో స్టేషన్‌లో ఏజెన్సీ పేరు మీద ఫోల్డరు. పైగా ఫైలు ఉంచాల్సింది 2 ఏళ్లే, కావలసినవి వెంటనే దించుకోండి.

ఎఫ్‌ఈసీ (ఫెడరల్ ఎన్నికల ఖర్చుల లెక్కలు చూసే కమిషన్) సైటుకు 5కి మూడున్నర. సైటు శుభ్రంగా ఉంటుంది, వేగంగానూ ఉంటుంది. ‘స్పెండింగ్’లో ‘ఇండిపెండెంట్ ఎక్స్‌పెండిచర్స్’కు వెళ్లి అభ్యర్థి పేరు వేస్తే అతని మీద ఎవరు ఎంత ఖర్చు పెట్టారో, అనుకూలంగానో వ్యతిరేకంగానో వచ్చేస్తుంది. ఓటింగ్‌కు 20 రోజుల ముందు దాకా 10,000 డాలర్లు దాటితే 48 గంటల్లో, ఆ తర్వాత 1,000 డాలర్లు దాటితే 24 గంటల్లో నివేదిక ఇవ్వాలి. ప్రాసెస్ అయిన డేటా ఆలస్యంగా వస్తుంది కాబట్టి తాజాది కావాలంటే ‘రా’ ఫైలింగ్స్ చూడండి. సవరించిన నివేదికలు రెండుసార్లు లెక్కలోకి వచ్చి మొత్తం ఉబ్బినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, పాతదాన్ని తీసేసి కూడుకోండి.

కోత ఎందుకంటే, ఈ సైటు కళ్లకు గంతలు కట్టుకునే చోట్లు రెండున్నాయి. మొదటిది మాటల గారడీ. ‘ఓటేయండి’, ‘ఓడించండి’ లాంటి మాట ఉంటే అది ఇండిపెండెంట్ ఎక్స్‌పెండిచర్. ఆ మాట లేకుండా అభ్యర్థి పేరు మాత్రం ఎత్తి, నవంబరు ఎన్నికకు 60 రోజుల లోపు టీవీలోనో రేడియోలోనో వస్తే ఎలక్షనీరింగ్ కమ్యూనికేషన్. జూలైలో ‘ఫోన్ చేసి నిలదీయండి’ అంటే ఈ రెండింటిలోకీ రాదు, ఎఫ్‌ఈసీలో సాధారణంగా దాని జాడే ఉండదు. అదే ప్రకటన ఎఫ్‌సీసీ ఫైల్లో మాత్రం ఇన్‌వాయిస్‌తో సహా దొరుకుతుంది. ఎఫ్‌సీసీని పైన కూర్చోబెట్టింది అందుకే.

రెండోది క్యాలెండరు కిటుకు. ఎన్నికకు ముందు ఇచ్చే నివేదికలో 20 రోజుల ముందు వరకు వచ్చిన డబ్బే ఉంటుంది. ఆ మర్నాడు కోట్లు అందుకున్న సూపర్ ప్యాక్ దాతల పేర్లు నెల రోజుల తర్వాత వచ్చే నివేదికలో చెబుతుంది. అప్పటికి గెలిచినవాళ్లు సన్మానాలు చేయించుకుంటుంటారు.

మెటా యాడ్ లైబ్రరీకి 3. ‘ఇష్యూస్, ఎలక్షన్స్ ఆర్ పాలిటిక్స్’ విభాగం ఎంచుకుని వెతికితే ప్రకటనలు 7 ఏళ్ల దాకా దొరుకుతాయి. ఖర్చు కచ్చితంగా కాక ‘ఇంత నుంచి ఇంత’ అని ఉంటుంది. వివరాలు తెరిస్తే వయసు పట్టీలు కనిపిస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే: 65 పైబడినవాళ్ల పట్టీ పొడవుగా ఉంటే వాళ్లనే ఎంచుకున్నారనుకుంటారు. అది ప్రకటన ఎవరికి చేరిందో చెబుతుంది. ఎవరిని కోరుకున్నారో తెలియాలంటే ఆ పేజీ ఆడియెన్స్ వివరాలు వేరేగా తెరవాలి.

గూగుల్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌కు 2. వయసు, ఆడామగా, ప్రాంతం ఎంచుకున్నారా లేదా అన్నది చూపించడం బాగుంది. కానీ అమెరికాలో అది రాజకీయ ప్రకటనగా లెక్కపెట్టేది అభ్యర్థి, పదవిలో ఉన్న నేత, పార్టీ, ప్రజా తీర్మానం లాంటివి కనిపించినప్పుడే. ‘మెడికేర్‌ను కాపాడుకుందాం’ అని పేరెత్తకుండా చెబితే ఆ విభాగంలో ఉండదు. పెద్దవాళ్లకు వేసే యూట్యూబ్ ప్రకటనల్లో అలాంటివి కొల్లలు.

సూపర్ ప్యాక్ కాకుండా 501(సి)(4) సంఘం తగిలితే దాతల పేర్లు మామూలుగా బయటకు రావు. అక్కడ ప్రోపబ్లికా వాళ్ల నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌కు వెళ్లాలి. దీనికి 4 ఇస్తాం, ఓపిక ఉన్నవాళ్లకు. ప్రకటన వేసిన సంఘం 990 ఫారంలో (లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్ను శాఖకు ఇచ్చే నివేదిక) షెడ్యూల్ బి తెరిస్తే దాతల పేర్లు తీసేసి ఉంటాయి. తిప్పి వెతకండి: డబ్బు ఇచ్చి ఉంటుందని మీకు అనుమానమున్న పరిశ్రమ సంఘం 990 తీసి షెడ్యూల్ ఐ చూడండి. పుచ్చుకున్నవాడు దాచుకోవచ్చు గానీ ఇచ్చిన సంఘం తన గ్రాంట్ల పట్టీ చూపాల్సిందే. చిక్కల్లా ఆలస్యం. ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

డబ్బు సంగతి అటుంచి, చెప్పింది నిజమా అంటే ఫ్యాక్ట్‌చెక్ డాట్ ఆర్గ్, పొలిటిఫ్యాక్ట్ రెండూ పనికొస్తాయి. మెడికేర్ ‘కోత’ అన్న మాట విన్నప్పుడల్లా మూడు అడగండి: ఎన్నేళ్లకు, ఎవరి చెల్లింపుల్లోంచి, దేనితో పోల్చి? ఒబామా చట్టం మెడికేర్ నుంచి కోసిందంటూ 2012లో మోగిన 716 బిలియన్ డాలర్లు పదేళ్ల మొత్తం. అందులో ఎక్కువ భాగం ఆస్పత్రులకు, బీమా కంపెనీలకు ఇచ్చే డబ్బు పెరగాల్సినంత పెరగకపోవడం. అదే పొదుపును రయాన్ బడ్జెట్ కూడా అట్టే పెట్టుకుంది. 2022లో ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ మందుల ధరలు బేరమాడి మిగిల్చిన సొమ్మును కొన్ని సంఘాలు ‘మెడికేర్ నుంచి లాక్కున్నారు’ అని చూపించాయి. ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్ల పరిమితి తెచ్చింది అదే చట్టం. అవతలి వైపు 2011లో ‘రిపబ్లికన్లు మెడికేర్‌ను రద్దు చేయడానికి ఓటేశారు’ అన్నదాన్ని పొలిటిఫ్యాక్ట్ ఆ ఏటి అతి పెద్ద అబద్ధంగా ఎంచింది. రయాన్ ప్రణాళిక మెడికేర్‌ను చాలా మార్చేదే గానీ, అప్పటికే 55 దాటినవాళ్లను ముట్టేది కాదు. ఈ సైట్లకు 4. స్థానిక హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) సీట్ల ప్రకటనలు అన్నీ వాళ్ల చేతికి అందవు, అదే లోటు.

ప్రకటన పచ్చి అబద్ధమని తేలితే స్టేషన్‌కే రాయండి. అభ్యర్థి సొంత ప్రకటనను స్టేషన్ కత్తిరించకూడదు, బాధ్యతా దానిది కాదు. బయటి సంఘం ప్రకటనను నిరాకరించే హక్కు ఉంది, వేస్తే బాధ్యతా ఉంటుంది. అందుకే ప్రచార బృందాల లాయర్లు నోటీసులు పంపేది స్టేషన్లకే. ఫోటో, తేదీ, టైము, ఫ్యాక్ట్‌చెక్ లింకు జత చేస్తే మీ ఉత్తరానికీ బరువుంటుంది.

ఫోన్‌కొచ్చే మెసేజ్‌ల మీద ఈ సైట్లేవీ పనిచేయవు. లింకు నొక్కి విరాళమిచ్చేటప్పుడు ‘ప్రతి నెలా’ అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉండొచ్చు, ఉంటే దాన్ని తీసేయాలి. గ్రీన్ కార్డు ఉన్న అమ్మానాన్నలు విరాళం ఇవ్వచ్చు, ఓటు వేయకూడదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు రెండూ చేయకూడదు, 10 డాలర్లయినా చట్టవిరుద్ధమే.

పోస్టులో వచ్చే మెయిలర్లకూ ఆర్కైవ్ లేదు. కాకపోతే కవరు మీద ‘సోషల్ సెక్యూరిటీ’ (సర్కారు పింఛను పథకం) అని పెద్దక్షరాల్లో రాసి సర్కారు ఉత్తరంలా కనిపిస్తే పారేయకండి. సోషల్ సెక్యూరిటీ చట్టం 1140 సెక్షన్ కింద అది నేరుగా ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు పంపాల్సిన సరుకు. పైన చెప్పిన యునైటెడ్ సీనియర్స్ అసోసియేషన్‌కే ‘సోషల్ సెక్యూరిటీ అలర్ట్’ కవర్ల మీద 5,54,196 డాలర్ల జరిమానా పడింది, 2005లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. జరిమానా కవరు లెక్కన వేస్తారు, కాబట్టి కవరే సాక్ష్యం. లోపలి కాగితం ఒక్కటే దాచి కవరు చించేస్తే ఫిర్యాదు బలహీనపడుతుంది.

ఇక స్మార్ట్ టీవీలో స్ట్రీమింగ్ యాప్‌లలో వచ్చే ప్రకటనలు. స్టేషన్లకున్న పొలిటికల్ ఫైల్ నిబంధన వాటికి లేదు. ఏ ప్రోగ్రాంలో, ఎంత రేటుకు, ఎవరి సంతకంతో అన్న కాగితం ఎక్కడా పెట్టక్కర్లేదు. ఈ భాగానికి 5కి సున్నా.