సెకండ్ హ్యాండ్ మినీ ట్రాక్టర్ కొంటున్నారా? స్టీరింగ్ మధ్య టోపీ తీయించి చూశాకే డబ్బులివ్వండి

"నట్టు జర లూజైందన్నా, రెంచీతో ఒక్క చుట్టు బిగిస్తే అయిపోతది." యార్డులో ఈ ఒక్క మాట నమ్మినందుకు నాకు 14,000 రూపాయలు, ఆరు రోజుల పని పోయాయి. అంతటితో పోయినందుకు ఇంట్లోవాళ్లు దేవుడికి కొబ్బరికాయ కొట్టారు.

మాది నల్లగొండ వైపు, ఐదెకరాల బత్తాయి తోట. పెద్ద ట్రాక్టర్ తోటలోకి దూరితే కొమ్మలు విరుగుతాయని మందు కొట్టడానికి, చెట్ల మధ్య దున్నడానికి చిన్న బండి కోసం చూశాను. సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే ఒక యార్డులో 2,85,000కి దొరికింది. మాన్యువల్ స్టీరింగ్. ఇంజను బాగుంది, టైర్లు సగానికి పైగా ఉన్నాయి, హైడ్రాలిక్ లేస్తోంది. స్టీరింగ్‌కి కొత్త కవరు తొడిగి దారంతో కుట్టి ఉంటే, పాత ఓనరు బండిని ముద్దుగా చూసుకున్నాడనుకున్నాను. ఆ ముస్తాబు లోపల ఏముందో తర్వాత తెలిసింది.

నడిపి చూసినప్పుడు స్టీరింగ్ పైకీ కిందికీ కొంచెం ఆడింది. అడిగితే యార్డువాడు పైన చెప్పిన మాటే చెప్పాడు. "మరి ఇప్పుడే బిగించు తమ్మీ" అన్నాను. పిల్లాడు భోజనానికి పోయాడు, పానా వాడి దగ్గరే ఉంది అన్నాడు. యార్డులో ఉన్న జాగాలో ఒక రౌండు తిప్పి, ఒక తెల్ల కాగితం మీద రాయించుకుని వచ్చేశాను.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు మందు ట్యాంకు తగిలించుకుని వరుస చివర మలుపు తిప్పుతున్నాను. చేతిలో స్టీరింగ్ గిర్రున తిరిగింది. ముందు టైర్లు మాత్రం కదల్లేదు! బండి నేరుగా గట్టు మీదికి పోతోంది. గట్టు అవతల మా తాతల నాటి బావి, దానికి గోడ కూడా లేదు. లో ఫస్ట్ గేరులో ఉన్నాను కాబట్టి క్లచ్చు, బ్రేకు తొక్కేసరికి ఆగింది. డ్రిప్ పైపు తెగింది, ఒక చెట్టు కొమ్మ విరిగింది. అదే ట్రాలీ కట్టుకుని రోడ్డు మీద ఉంటే? ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మధ్యలో ఉన్న ప్లాస్టిక్ టోపీ లాగితే రాలేదు. జిగురు పెట్టి అతికించారు. స్క్రూడ్రైవర్‌తో పగలగొట్టి తీస్తే అసలు సంగతి బయటపడింది. స్టీరింగ్ కూర్చునే షాఫ్టు కొసకి చుట్టూ సన్నని పళ్లుంటాయి. స్టీరింగ్ రంధ్రంలో కూడా అలాంటి పళ్లే ఉంటాయి. ఇవీ అవీ ఒకదానిలో ఒకటి దిగితేనే మనం తిప్పిన తిప్పుడు కిందికి పోతుంది. నట్టు పని స్టీరింగ్‌ని పైకి లేవకుండా నొక్కి పట్టుకోవడమే. నా బండిలో ఆ పళ్లు అరిగి నున్నగా అయ్యాయి. సందులో డబ్బా రేకు ముక్క కత్తిరించి దోపారు, పైన రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టారు. ఆ చుక్కలే పగిలాయి.

నట్టు లూజుగా ఉండగానే ఏళ్ల తరబడి నడిపితే పళ్లు ఒకదాన్నొకటి తినేస్తాయని మెకానిక్ చెప్పాడు. మొదట్లోనే బిగించుంటే వాషరుతో పోయేది. పళ్లు పోయాక ఎంత బిగించినా ఫలితం లేదు. బిగించిన రోజు గట్టిగా ఉంటుంది, నాలుగు చాళ్లు తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది.

నా తప్పు కూడా ఒకటి ఉంది. షోరూం దూరమని పక్క టౌనులో స్పేర్ పార్టుల షాపుకి పోయి, "అన్ని బండ్లకీ పడుతుంది" అన్న స్టీరింగ్ 900 పెట్టి కొన్నాను. పెట్టి చూస్తే రంధ్రం లోపలి వాలు వేరు. షాఫ్టు మీద సగమే దిగింది, నట్టుకి రెండు మరలే దొరికాయి. వాపసు తీసుకోమంటే "ఒకసారి పెట్టినవి తీసుకోం" అన్నాడు. కాబట్టి పాతది ఊడదీసి చేతిలో పట్టుకుని పోండి, కొత్తదాని పక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టండి. బండి మోడల్, ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ పార్టు తెప్పించుకోవడం ఇంకా మేలు.

ఈలోగా ఊళ్లో వెల్డర్ "మొత్తం చుట్టూ వెల్డింగ్ కొట్టేస్తే జన్మలో కదలదు" అన్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయించకండి. ఆ వేడికి షాఫ్టు గట్టిదనం పోతుంది, పక్కనున్న బుష్ (షాఫ్టుని కదలకుండా పట్టి ఉంచే తొడుగు) మాడుతుంది, రేపు కింద ఏ రిపేరు వచ్చినా స్టీరింగ్ ఊడదీయాలంటే కోయాల్సిందే. నా బండికి పెట్టిన రెండు చుక్కలకే మరలు పాడై షాఫ్టు పనికిరాకుండా పోయింది. మా మోడల్‌లో ఆ షాఫ్టూ, కింద స్టీరింగ్ బాక్సులో ఉండే వార్మూ (మరలాంటి గేరు) ఒకటే ముక్క. అంటే బాక్సు మొత్తం విప్పాల్సిందే. ఖర్చంతా అక్కడే అయింది.

చూసే పద్ధతి మెకానిక్ చెప్పాడు, ఐదు నిమిషాల పని. టోపీ తీసి, ముందు టైర్లు నేల మీదే ఉంచి, ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడించాలి, ఇంకొకరు కింద చూడాలి. స్టీరింగ్ కదిలి షాఫ్టు కదలకపోతే పళ్లు పోయినట్టు. షాఫ్టు తిరిగినా బాక్సు నుంచి బయటికి వచ్చే ఆర్మ్ ఆలస్యంగా కదిలితే బాక్సులో అరుగుదల. ఆర్మ్ కదిలినా టైరు కదలకపోతే రాడ్ల చివర బాల్ జాయింట్లు చూడాలి. రెండు చేతులతో పట్టి పైకి లాగితే లేస్తే నట్టో, కాలమ్ బుష్షో. తిప్పుడులో కొంచెం ఆట కొత్త బండికీ ఉంటుంది, ఎంత ఉండొచ్చో బండితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. పైకీ కిందికీ లేవడం మాత్రం ఏ బండికీ ఉండకూడదు. పవర్ స్టీరింగ్ బండి అయినా ఈ నట్టు, పళ్ల సంగతి చూడాల్సిందే.

యార్డువాడికి ఫోన్ చేస్తే "చూసుకునే కదా కొన్నవ్" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. కానీ నా చేతిలో ఉన్నది తెల్ల కాగితం, దాని మీద ధర, తేదీ తప్ప ఇంకేమీ లేవు. మీరు కొనేటప్పుడు "స్టీరింగ్, గేర్‌బాక్సు సరిగా ఉన్నాయి" అని బిల్లు మీదే రాయించుకోండి. రాయనన్నాడంటే ఆ బండి మనకొద్దు.

మొన్న మా బావమరిదికి బండి చూడ్డానికి ఇంకో యార్డుకి పోయాం. రంగు, టైర్లు చూడకముందే స్క్రూడ్రైవర్ అడిగాను. "టోపీ తీస్తే పగుల్తదన్నా" అన్నాడు అక్కడి మనిషి. ఇద్దరం చాయ్ తాగి ఇంటికొచ్చేశాం.