మూడేళ్లకు పైగా స్నోఫ్లేక్ నడిపాక

2022 సెప్టెంబరులో హిజాబ్ సరిగ్గా వేసుకోలేదని పోలీసులు పట్టుకెళ్లిన మహ్సా అమీనీ చనిపోయి ఇరాన్ అట్టుడికిపోతున్న రోజుల్లో, అక్కడ ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కూడా ఆపేశారు. నేను ఖాళీ దొరికినప్పుడల్లా సాయం చేసే హక్కుల సంస్థలో ఒకావిడ చెబితే, హైదరాబాద్‌లో మా ఇంట్లో ఫైర్‌ఫాక్స్‌కి స్నోఫ్లేక్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి కలిపే చిన్న ప్రోగ్రామ్) తగిలించాను. అప్పటి నుంచీ తీయలేదు.

టార్ అంటే మనమెవరో, ఏ సైటు చూస్తున్నామో బయటికి తెలియకుండా దాచే నెట్‌వర్క్. దాన్ని మూసేసిన దేశాల వాళ్లు నా బ్రౌజర్ మీదుగా టార్‌లోకి వెళ్తారు, బయటి నుంచి చూసేవాళ్లకి అది వీడియో కాల్‌లా కనిపిస్తుంది, పైగా నాలాంటి వాలంటీర్ల ఐపీలు (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్ అడ్రస్‌లు) మారుతూ ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటీ వెతికి బ్లాక్ చేయడం కష్టం. ఎవరైనా కనెక్ట్ అయితే ఐకాన్ ఆకుపచ్చగా మారుతుంది. మొదటిసారి మారినప్పుడు పని ఆపేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఎవరికి చెప్పినా ముందు అడిగేది ఒకటే, "రేపు పోలీసులు మనింటికొస్తే?" అని. మన మీదుగా వెళ్లేవాళ్లు చూసే సైటుకి మన ఐపీ కనబడదు. మన దగ్గర్నుంచి టార్ బ్రిడ్జికి (టార్‌లోకి దారిచ్చే సర్వర్), అక్కణ్నుంచి ఇంకో రెండు రిలేలు (టార్ లోపలి సర్వర్లు) దాటాకే సైటుకి చేరతారు. వాళ్లేం చూస్తున్నారో మనకీ తెలియదు. ఈ విషయంలో నాకు ఏ టెన్షనూ లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపితే వచ్చేవాళ్లు బాగా తగ్గిపోతారు, ఇంటి బ్రాడ్‌బ్యాండే నయం. అవతలి వాళ్లకి స్పీడ్ చాలదు. ఒకసారి మా సంస్థకి రావాల్సిన నలభై సెకన్ల వీడియో మూడుసార్లు సగంలో తెగిపోయింది, ఆ పంపే మనిషి అంతసేపు ఆన్‌లైన్‌లో ఉండటం ఎంత ప్రమాదమో తలుచుకుంటే నాకు చేతులాడలేదు. అప్పటి నుంచి ముందు రాతలో వాంగ్మూలం, తర్వాత ఫోటోలు, వీడియో ఆఖర్న అడుగుతున్నాం.

ఇంటర్నెట్ మొత్తం కోసేస్తే మాత్రం ఏదీ పనిచేయదు, 2019 నవంబరులో ఇరాన్‌లో దాదాపు వారం పాటు అదే జరిగింది. రష్యాలో 2021 డిసెంబరులో టార్‌నీ, అరెస్టయినవాళ్లకి న్యాయసాయం చేసే ఓవీడీ-ఇన్ఫో సైటునీ ఒకే నెలలో బ్లాక్ చేశారు. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2023లో తన సైటుకి ఆనియన్ అడ్రస్ (టార్‌లోనే తెరుచుకునే అడ్రస్) పెట్టుకుందంటే, ఇలా సైట్లు బ్లాక్ చేస్తున్నందుకే.

అందుకే మేం ఏ దేశంలోనైనా పరిస్థితి చెడకముందే టార్ బ్రౌజర్ పంపించేస్తాం, బ్లాక్ అయ్యాక డౌన్‌లోడ్ పేజీ కూడా తెరుచుకోదు. దాంతోపాటు, ఫోన్లు తనిఖీ చేసే చోటికి వెళ్లేముందు దాన్ని తీసేయమని కూడా మరీ మరీ చెబుతాం.